మంగోలియా గుర్రపు యాత్ర: స్వారీ రానివాళ్ళు వెళ్ళొచ్చా, వెళ్ళకూడదా?

గోదారిగట్టు

అందరికీ నమస్కారం. మొన్న జులైలో మేం ఆరుగురం మంగోలియా వెళ్ళాం. రాజధాని ఉలాన్‌బాతర్ నుంచి మురున్ పట్టణం, అక్కడి నుంచి ఖువ్స్‌గుల్ సరస్సు దక్షిణపు కొసన ఉన్న ఖత్‌గల్. ఆ ఊళ్ళో గుర్రాలెక్కి, సరస్సు పడమటి ఒడ్డు వెంట ఉత్తరానికి వెళ్ళి, ఖోరిదోల్ సరిదాగ్ కొండలు దాటి దర్ఖద్ లోయలో దిగాలని ప్లాన్. మొత్తం ఎనిమిది రోజులు. ఆరుగురిలో నలుగురం అంతకుముందు గుర్రం ఎక్కింది చిన్నప్పుడు బీచ్‌లో ఫోటో కోసమే. స్వారీ రాకపోయినా పర్లేదు, గుర్రాలు చాలా సాధువులని బుక్ చేసిన కంపెనీ చెప్పింది. నమ్మాం.

మూడో రోజు మధ్యాహ్నం చినుకులు మొదలయ్యాయి. మా స్నేహితుడు గుర్రం దిగకుండానే సంచిలోంచి రెయిన్‌కోటు లాగి దులిపాడు. ఆ పటపట చప్పుడుకి గుర్రం బెదిరి దౌడు తీసింది. యాభై అడుగులు కూడా వెళ్ళకుండానే వాడు కింద పడ్డాడు. కాలర్‌బోన్ విరిగింది. ఫోన్‌కి సిగ్నల్ లేదు, దగ్గర్లో ఊరు లేదు. చెయ్యి మెడకి కట్టి, గైడు పగ్గం పట్టుకుని నడిపించిన గుర్రం మీదే వెనక్కి తెచ్చాం. ఖత్‌గల్ చేరడానికి దాదాపు రెండు రోజులు పట్టింది. ఎక్స్‌రే కోసం మళ్ళీ వంద కిలోమీటర్లు, మురున్ దాకా. వాడు నొప్పి బయటకి కనపడనీయకుండా పళ్ళు బిగించి కూర్చున్న ఆ రెండు రోజులూ నాకింకా కళ్ళ ముందే ఉన్నాయి. ఇన్సూరెన్స్ కాగితాలు తీసి చూస్తే అందులో గుర్రపు స్వారీకి కవరేజీ లేదు. చాలా పాలసీల్లో ఉండదట, వెళ్ళేవాళ్ళు ముందే చూసుకోండి.

ఇంకొకటి. మాలో కాస్త బరువున్న మిత్రుడి గుర్రానికి జీను తీస్తే వీపు మీద అరచేయంత పుండు. ఆ గుర్రం మూడు రోజులు మౌనంగా మోసింది. మాకెవరికీ తెలియలేదు.

నా మాట ఇది: స్వారీ రానివాళ్ళు ఈ యాత్రకి వెళ్ళకూడదు. కనీసం నెల రోజులు ఇక్కడ నేర్చుకున్నాకే టికెట్ కొనాలి. తప్పనిపిస్తే చెప్పండి.

సియోల్ తమ్ముడు

అన్నా, మీ స్నేహితుడికి అలా జరిగినందుకు చాలా బాధగా ఉంది. ఇప్పుడు ఎలా ఉన్నారు? కానీ మీ మాటతో మాత్రం నేను ఒప్పుకోలేను.

నేను ఉద్యోగం కోసం కొరియాలో ఉంటాను. ఇక్కడి నుంచి ఉలాన్‌బాతర్ మూడున్నర గంటల విమానం. రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి నాకు స్వారీలో ఓనమాలు కూడా రావు. మా గైడు పొద్దున్నే మమ్మల్ని ఒక్కొక్కరినీ పరీక్షగా చూసి, ఎవరికి ఏ గుర్రమో తేల్చాడు. నాకు వయసు మళ్ళిన ఎర్ర గుర్రాన్నిచ్చాడు. అక్కడ గుర్రాలకి పేర్లు పెట్టరు, రంగుని బట్టే గుర్తుపడతారు. ఏడు రోజులు అది నన్ను ఏ ఇబ్బందీ లేకుండా తిప్పింది.

నెల రోజులు ఇక్కడ నేర్చుకోమంటున్నారు. ఏం నేర్చుకుంటాం? మన క్లబ్బుల్లో నేర్పేది ఇంగ్లీషు పద్ధతి. రెండు చేతులా కళ్ళెం, మడమతో సైగ. అక్కడ కళ్ళెం ఒక్క చేతిలోనే ఉంటుంది, కదలమనడానికి "చూ" అంటే చాలు. జీను వేరు, రికాబులు (పాదాలు పెట్టే కడియాలు) పొట్టి. నా రెండో ప్రయాణంలో ఒకాయన క్లబ్బులో నేర్చుకుని వచ్చాడు. మొదటి రోజు అందరికంటే ఎక్కువ తిప్పలు పడింది ఆయనే.

ఇంకా పెద్ద విషయం ఉంది. ఆ కాపరుల ఇళ్ళకి యాత్రికుల డబ్బు కళ్ళపడేది జూన్ నుంచి సెప్టెంబర్ సగం దాకా. 2023-24 చలికాలం జుద్ వచ్చి దేశం మొత్తం మీద 70 లక్షలకు పైగా పశువులు చచ్చిపోయాయి. జుద్ అంటే గడ్డి మీద మంచు గట్టిపడి, గిట్టలతో తవ్వినా మేత అందక మందలు మాడిపోవడం. 2009-10లోనూ ఇంతే ఘోరం జరిగింది. అలా మంద పోయిన ఇంటికి, మిగిలిన పది గుర్రాల మీద యాత్రికులు రావడమే ఆసరా. స్వారీ వచ్చినవాళ్ళే రావాలంటే వచ్చేదెవరు? వేసవి సెలవుల్లో గుర్రాలెక్కే డబ్బున్న కుటుంబాలు. మనలాంటి వాళ్ళకి తలుపు మూసేసినట్టే.

పశువుల డాక్టర్

ముప్పై ఏళ్ళు పశువైద్యం చేసినవాణ్ణి. ఎక్కువగా చూసింది ఎద్దులూ గేదెలే, మధ్యలో కొన్నేళ్ళు గుర్రాలు కూడా. మంగోలియా వెళ్ళలేదు. కానీ ఆ పుండు సంగతి చదివాక ఊరుకోలేకపోయాను.

మన ఎద్దుకి కాడి పుండు ఎందుకు పడుతుందో రైతు కుటుంబాల వాళ్ళకి తెలుసు. కాడి ఒకే చోట ఒరుసుకుంటుంది. జీను పుండు కూడా అంతే. గుర్రం నడిచేటప్పుడు వీపు ఊగుతుంది. స్వారీ వచ్చినవాడి ఒళ్ళు ఆ ఊపుతో కలిసి ఊగుతుంది. రానివాడు బియ్యం బస్తాలా ఒక పక్కకి ఒరిగి కూర్చుంటాడు, జీను కూడా ఆ పక్కకే ఒరుగుతుంది. నడకకీ దౌడుకీ మధ్య ఉండే కుదుపు పరుగులో మంగోలు కాపరి రికాబుల మీద లేచి నిలబడతాడు. వీపు మీద ఎగిరెగిరి పడడు. పొట్టి రికాబుల్లో ఉన్న సుఖం అదే.

ఆ గుర్రాలు మూపు దగ్గర 120 నుంచి 140 సెంటీమీటర్ల ఎత్తు. బరువు ఇంచుమించు 300 కిలోలు. మనిషీ జీనూ కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదని గుర్రాలు పెంచేవాళ్ళు చాలామంది పాటించే లెక్క. ఆ లెక్కన 60 కిలోలే. మంగోలు గుర్రం తన సైజుకి మించి మోస్తుంది, కాదనను. అక్కడి కాపరులు కూడా సన్నగా ఏమీ ఉండరు. కానీ కాపరి మందలోంచి గుర్రాన్ని మారుస్తూ ఉంటాడు, ఎక్కిన దాన్ని మళ్ళీ మేతకి వదిలేస్తాడు. మీరు రోజూ ఒకే గుర్రం మీద కూర్చున్నారు. తేడా అక్కడ ఉంది.

తమ్ముడూ, కాపరి ఇంటికి డబ్బు కావాలన్నావు, నిజమే. ఆ డబ్బు తెచ్చేది గుర్రం వీపే కదా. పుండు పడిన వీపుతో అది చలికాలంలోకి వెళ్తే ఏమవుతుంది? ఆ గుర్రాలకి కొట్టం ఉండదు, దాణా ఉండదు. ఎండాకాలం ఎక్కిన కొవ్వుతోనే చలిని గట్టెక్కాలి.

కొండదారి

నేను హైదరాబాద్ శివార్లలో మూడు నెలలు నేర్చుకుని మరీ వెళ్ళినదాన్ని. డాక్టర్ గారి మాట నూటికి నూరు పాళ్ళు నిజం. తమ్ముడు చెప్పినట్టు నేర్చుకున్న టెక్నిక్ అక్కడ పెద్దగా పనికిరాలేదన్నదీ నిజమే. నాకు పనికొచ్చింది ఒక్కటే, భయం పోవడం. క్లాసుల్లో రెండుసార్లు పడ్డాను. అందుకే అక్కడ గుర్రం తుళ్ళినప్పుడు కళ్ళెం గట్టిగా లాగలేదు.

అదెంత ముఖ్యమో పడమటి తైగాలో, అంటే ఉత్తరపు చలి అడవుల్లో తెలిసింది. త్సగాన్‌నూర్ అనే ఊరు దాటాక జీపు దారి ఐపోతుంది, తర్వాత గంటల తరబడి బురద నేలలు. పైకి పచ్చిక కనిపిస్తుంది, కాలు పెడితే గుర్రం మోకాలి దాకా దిగబడుతుంది. ఎక్కడ గట్టిగా ఉందో దానికి తెలుసు, తల వంచి వాసన చూసుకుంటూ దారి వెతుక్కుంటుంది. మనం చేయాల్సింది కళ్ళెం వదులుగా ఇచ్చి ఊరుకోవడం. నా ముందున్నావిడ భయంతో కళ్ళెం బిగించి లాగేసరికి గుర్రం తల పైకెత్తింది, నేల కనపడక తడబడి పక్కకి పడింది. అదృష్టం బాగుండి ఇద్దరికీ దెబ్బ తగల్లేదు.

అక్కడికెందుకు వెళ్ళానో కూడా చెప్పాలి. దుఖా జనం, అంటే మంగోలులు త్సాతన్ అని పిలిచే రెయిన్‌డీర్ కాపరులు, ఆ తైగాలోనే ఉంటారు. వాళ్ళు కొన్ని వందల మందే. వాళ్ళ భాష సరిహద్దు అవతల రష్యాలో ఉండే తువా జనం భాషకి చుట్టం. రష్యా సరిహద్దు పక్కనే కాబట్టి పర్మిట్ ముందే తీసుకోవాలి. స్వారీ చేయలేని యాత్రికులు ఎక్కువైపోయాక, వాళ్ళు చూడడానికని కొన్ని కుటుంబాలు జంతువుల్ని కిందకి, ఖువ్స్‌గుల్ ఒడ్డుకి తోలుకొచ్చాయి. ఆ జంతువులకి ముఖ్యమైన మేత రాళ్ళ మీదా నేల మీదా పెరిగే లైకెన్, చూడ్డానికి నాచులా ఉంటుంది. మన బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా ఒక లైకెనే. సరస్సు ఒడ్డున అది సరిగా దొరకదు, ఆ ఎండ వాటికి పడదు. మన చేతకానితనానికి మూల్యం ఆ జంతువులు చెల్లిస్తున్నాయి. అందుకే గోదారిగట్టు గారి వైపే నేను. నేర్చుకుని పైకి వెళ్ళండి. లేదంటే ఒడ్డున ఫోటోలు దిగకుండా తిరిగి రండి.

ఉసిరిచెట్టు

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. శాకాహారులకి ఏమన్నా దొరుకుతుందా అక్కడ?

గోదారిగట్టు

ఉసిరిచెట్టు గారూ, దొరకదనే అనుకుని వెళ్ళండి. బియ్యం, పెసరపప్పు, పొడులు, ఊరగాయ మేమే మోసుకెళ్ళాం. ఉలాన్‌బాతర్‌లో కూరగాయలు కొనుక్కోవచ్చు. ప్రతి గుడారంలోనూ ఉప్పు వేసిన పాల టీ, ఎండబెట్టిన పెరుగు గడ్డలు పెడతారు. టీ వద్దనకండి, కాస్తయినా నోటికి తగిలించి కప్పు కింద పెట్టండి.

సియోల్ తమ్ముడు

డాక్టర్ గారూ, చలికాలం మాట మీరన్నాక నాకు సమాధానం దొరకలేదు. రెండోసారి నేను వెళ్ళింది జూన్ మొదట్లో. గుర్రాలు బక్కగా ఉన్నాయి, పక్కటెముకలు కనిపించాయి. వాటి జాతే అంత అనుకున్నాను.

కొండదారి అక్కా, నిలబడే మాట ఇంకొకటి ఉంది. గుర్రం కాపరిది. ఎవరిని ఎక్కించుకోవాలో తేల్చాల్సింది ఆయనే. మాట్లాడటం రాకముందే గుర్రం ఎక్కిన మనిషికి మనం ఇక్కడ కూర్చుని రూలు రాయడం నాకు నచ్చట్లేదు.

పశువుల డాక్టర్

జూన్‌లో వెళ్ళొద్దు. చలికాలపు ఆకలి తర్వాత పచ్చగడ్డి మేసి ఒళ్ళు చేయడానికి వాటికి టైం కావాలి. ఆగస్టు, సెప్టెంబర్ మొదట్లో అయితే మంచిది.

కాపరి ఇష్టమే అన్నావు. ఒక్క ప్రశ్న. నగరంలో కంపెనీ డబ్బు తీసేసుకుంది, అతిథులు విమానం దిగి వచ్చేశారు. అప్పుడు ఆ కాపరి "ఈయన బరువు ఎక్కువ, నా గుర్రం ఇవ్వను" అనగలడా?

గోదారిగట్టు

డాక్టర్ గారి ప్రశ్నకి నా దగ్గర జవాబుంది. మా గైడు అనలేకపోయాడు.

ఖత్‌గల్‌లో మొదటి ఉదయం ఆయన మమ్మల్ని చూసి, రెండు రోజులు ఊరి చుట్టుపక్కలే తిప్పుతానన్నాడు. మాతో వచ్చిన దుబాసీ అది చెప్పగానే మేమే వద్దన్నాం. కంపెనీ కాగితంలో మొదటి రోజు పాతిక కిలోమీటర్లని ఉంది, దానికి డబ్బు కట్టాం కదా అన్నాం. ఆయన ఇంకేం మాట్లాడలేదు. వెళ్ళి గుర్రాల జీను పట్టీలు మళ్ళీ ఒకసారి బిగించాడు. ఇప్పటిదాకా ఈ సంగతి ఇక్కడ రాయకపోవడం నా తప్పే.

రెయిన్‌కోటు విషయం కూడా ఆ రెండు రోజుల్లో తెలిసేది. దిగి వేసుకోవాలి, లేదా పొద్దున్నే వేసుకుని బయల్దేరాలి. ఎడమ వైపు నుంచే ఎక్కాలి, వెనక నుంచి వెళ్ళకూడదు, జీను మీద వేలాడే వస్తువులు కట్టకూడదు. ఇవన్నీ నేర్చుకోవడానికి నెల అక్కర్లేదు, ఆ గుర్రాలతో, ఆయన దగ్గర రెండు రోజులు చాలు. కాబట్టి తమ్ముడూ, ఇక్కడి క్లాసుల గురించి నేనన్నది వెనక్కి తీసుకుంటున్నాను. బరువు గురించి డాక్టర్ గారన్నది మాత్రం వదలను. బుకింగ్ అప్పుడే బరువు అడగాలి, ఎక్కువైతే మార్చుకోవడానికి రెండో గుర్రం పెట్టాలి, దానికి డబ్బు మనమే కట్టాలి. ఇది రాయని కంపెనీని నేనెవరికీ చెప్పను.

కింద పడ్డ స్నేహితుడికి ఎముక అతుక్కుంది. వచ్చే ఆగస్టులో మళ్ళీ వెళ్దామంటున్నాడు, ఈసారి అదే గైడుతో నేరుగా మాట్లాడుకుని.

కొండదారి

వెళ్ళండి. కానీ గైడ్లెంతమందో కూడా అడగండి. మీరు ఆరుగురికి ఇద్దరే అనుకుంటా. ఒకరు గాయపడితే ఒకరు వెనక్కి రావాలి, మిగిలిన ఒక్కరూ ఐదుగురినీ సామాన్ల గుర్రాలనీ చూసుకోలేరు. మీ యాత్ర అక్కడే ఆగిపోవడానికి కారణం అదే.

సియోల్ తమ్ముడు

అన్నా, నేనూ వస్తాను, చోటుంటే చెప్పండి. నా బరువు 84. రెండో గుర్రానికి డబ్బు నేను కడతాను.

పశువుల డాక్టర్

వెళ్ళేవాళ్ళు ఒక పని నేర్చుకోండి. సాయంత్రం జీను తీయగానే వీపు చూడండి. జీను కింద చెమట తడి రెండు వైపులా సమంగా ఉండాలి. ఆ తడి మధ్యలో ఎక్కడైనా పొడిగా మచ్చ కనిపిస్తే అక్కడ జీను గట్టిగా నొక్కుతూ ఉండొచ్చు, పుండు పడే అవకాశం అక్కడ ఉంది. చేత్తో మెల్లగా నొక్కితే, నొప్పి ఉన్న గుర్రం వీపు కిందకి దించేస్తుంది. అప్పుడు గైడుని పిలిచి చూపించండి, మర్నాడు మీరు దాని పక్కన నడవండి.