కోడింగ్ రూల్స్‌ని ప్రోలాగ్‌తో చెక్ చేస్తే పనవుతుందా?

రేణిగుంట_కోడర్:
తిరుపతిలో చిన్న టీమ్ మాది, బండ్ల కంట్రోలర్లకు సీ ప్లస్ ప్లస్ రాస్తాం. కోడింగ్ రూల్స్ ఉన్నాయి గానీ రివ్యూలో కంటితోనే చూస్తున్నాం. వాటిని ప్రోలాగ్‌లో (వాస్తవాలు, రూల్స్ ఇస్తే వాటి నుంచి జవాబు తేల్చే భాష) రాసి మెషిన్‌తో చెక్ చేయిద్దామంటే, 1972 నాటి భాష ఇప్పుడెందుకని సీనియర్లు కొట్టిపారేస్తున్నారు. మీరేమంటారు?

చంద్రగిరి_సి:
భాష వయసు సంగతి వదిలేయ్ తమ్ముడూ. రేపు నువ్వు బెంగళూరుకో చెన్నైకో వెళ్ళిపోతే ఆ రూల్స్ ఎవరు చూసుకుంటారు? పైగా అన్ని రూల్స్‌నీ మెషిన్ తేల్చలేదు. విలువ ఇవ్వకముందే వేరియబుల్‌ని చదవకూడదన్న రూల్ ఉంది చూడు, మిస్రా సీ 2012 (సీ భాషకి పేరున్న కోడింగ్ రూల్స్ సెట్) వాళ్ళే దాన్ని ఏ టూలూ ప్రతి ప్రోగ్రామ్‌లోనూ కచ్చితంగా తేల్చలేని రకంలో వేశారు. రెడీమేడ్ టూల్ కొనుక్కోండి, ప్రశాంతంగా ఉంటారు.

కొర్లగుంట_క్లాస్:
అన్నా, తేలనివి కొన్ని ఉన్నాయని తేలేవాటిని కూడా కంటికే వదిలేస్తామా? డివైస్ అనే క్లాస్ నుంచి సెన్సార్, లాగర్ వచ్చాయి, ఆ రెండింటినీ కలిపి ఇంకొకరు స్పీడ్‌మీటర్ రాశారు అనుకోండి. సెన్సార్, లాగర్ రెండూ డివైస్‌ని వర్చువల్‌గా, అంటే ఒకే కాపీని పంచుకునేలా, తీసుకుంటే తప్ప స్పీడ్‌మీటర్‌లో డివైస్ రెండు కాపీలు కూర్చుంటుంది. నాలుగు క్లాసులూ నాలుగు ఫైళ్ళలో ఉంటాయి, రివ్యూకి వచ్చేది ఒక్క ఫైల్, ఇంకెవరి కంట పడుతుంది? ఏ క్లాస్ దేన్నుంచి వచ్చింది, వర్చువల్‌గానా కాదా అన్న వాస్తవాలు చేతిలో ఉంటే ప్రోలాగ్‌లో ఇది కొద్ది లైన్ల పని. పూర్వీకుల రూల్ తన్ను తానే పిలుచుకుంటుంది కాబట్టి ఎన్ని తరాల పైనున్నా దొరుకుతుంది. ఆ లైన్లు చదివి, రూల్ మనం అనుకున్నదేనా కాదా అని టీమ్ మొత్తం వాదించుకోవచ్చు. నాకు అన్నిటికంటే అదే ముఖ్యం.

చంద్రగిరి_సి:
ఆ వాస్తవాలు తీసేదెవరు? సీ ప్లస్ ప్లస్ పార్స్ చేయడమే, అంటే కోడ్ చదివి దాని నిర్మాణం విడదీయడమే, పెద్ద తలనొప్పి.

కొర్లగుంట_క్లాస్:
క్లాంగ్ కంపైలర్ ఉంది కదన్నా, అది కోడ్ చదివి కట్టే సింటాక్స్ ట్రీ నుంచి తీసుకోవచ్చు. జాగ్రత్త పడాల్సింది వేరే చోట. తన దగ్గరున్న వాస్తవాలతో నిరూపించలేనిదాన్ని ప్రోలాగ్ లేదనే అనుకుంటుంది. డిస్ట్రక్టర్ (ఆబ్జెక్ట్ పోయేటప్పుడు నడిచే ఫంక్షన్) వర్చువల్‌గా ఉండాలన్న రూల్ పెట్టామనుకోండి. బేస్ క్లాస్ డిస్ట్రక్టర్ వర్చువల్ అయితే పిల్ల క్లాస్‌దీ వర్చువలే, కానీ ఆ బేస్ ఉన్న హెడర్ పార్స్ కాకపోతే పిల్ల క్లాస్ మీద ఉత్తుత్తి వార్నింగ్ పడుతుంది. అలాంటివి నాలుగు పడ్డాయంటే టీమ్‌లో ఎవరూ రిపోర్ట్ తెరవరు. అందుకే పార్స్ కాని ఫైళ్ళ లిస్ట్ రిపోర్ట్‌లో అన్నిటికన్నా పైన ఉండాలి.

రేణిగుంట_కోడర్:
సరే, వారసత్వం రూల్స్ వరకే ముందు పెట్టి చూస్తాం. వేరియబుల్ రూల్ రివ్యూలోనే ఉంటుంది. చంద్రగిరి అన్నా, నేను వెళ్ళిపోతే అన్నారే, దానికి మాత్రం ఇంకా జవాబు దొరకలేదు. ప్రోలాగ్ నేర్చుకుంటామని టీమ్‌లో ఎవరూ ముందుకు రాలేదు.