ఏడుగురి కుటుంబానికి సొంత ఇన్నోవానా, ఎర్టిగా చాలా?

మియాపూర్_బండి: ఇంట్లో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అమ్మానాన్న, చెల్లి. పాత స్విఫ్ట్ అమ్మేసి ఇన్నోవా క్రిస్టా డీజిల్ తీసుకుందామని నేను, ఎర్టిగా పెట్రోలు చాలని మా ఆవిడ. ఆన్‌రోడ్ కొటేషన్లలో 10 లక్షల పైనే తేడా వచ్చింది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాం, ఎక్కువ ఊళ్లోనే. వాడుతున్నవాళ్లు చెప్పండి.

లెక్కల_మాస్టారు: అందరూ మైలేజీ దగ్గరే ఆగిపోతారు, అసలు ఖర్చు అక్కడ లేదండి. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు వేసుకోండి. ట్రాఫిక్‌లో క్రిస్టా లీటరుకు 11 ఇస్తే, డీజిల్ 96 రూపాయల లెక్కన లక్షా 5 వేలు. ఎర్టిగా 15 ఇస్తే, పెట్రోలు 107 చొప్పున 86 వేలు. తేడా 20 వేల లోపే.

దెబ్బంతా ఆ 10 లక్షలదే. 9 శాతం వడ్డీకి ఐదేళ్ల లోన్ తీసుకుంటే ఆ తేడాకే నెలకు 20,750 ఈఎంఐ. వడ్డీయే రెండున్నర లక్షలకు దగ్గర. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియం ఇంజిన్ 1500 సీసీ దాటితే (క్రిస్టా) ఏడాదికి 7,897, 1000 నుంచి 1500 లోపైతే (ఎర్టిగా) 3,416. సర్వీసు, టైర్లు అదనం.

హైదరాబాద్ నుంచి తిరుపతి రానూపోనూ 1,100 కిలోమీటర్ల పైమాటే. అద్దె ఇన్నోవాకి కిలోమీటరు 20 అనుకున్నా, డ్రైవర్ బత్తాతో 25 వేలలో అయిపోతుంది. ఒక నెల ఈఎంఐకి ఇంకాస్త కలిపితే ఇంటిల్లిపాదీ కొండకు వెళ్లి రావచ్చు. నెలనెలా దూరాలు వెళ్లేవాళ్లయితే మాట వేరు, మీరు ఊళ్లోనే అంటున్నారు.

ఇంకోటి. బీఎస్6 డీజిల్ బండికి డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, ఉంటుంది. పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చేంత దూరానికి అది సరిగా వేడెక్కదు, మసి పేరుకుని వార్నింగ్ లైటు వెలుగుతుంది. అప్పుడప్పుడూ హైవే ఎక్కించి నిలకడగా నడపాల్సిందే.

గోదారి_గట్టు: మాస్టారూ, మీ లెక్క కాదనను. కానీ పండక్కి అద్దె బండి దొరుకుతుందా? సంక్రాంతికి భీమవరం వెళ్లాలంటే ముందే మాట్లాడుకోవాలి, చెప్పిన రేటు ఇవ్వాలి, ఆఖరి నిమిషంలో డ్రైవర్ రానంటే ఇంట్లో అందరికీ టెన్షన్. మా అమ్మకి రెండు మోకాళ్లకీ ఆపరేషన్ అయింది. పంతంగి టోల్ దగ్గర గంటలు గంటలు ఆగిపోయినా క్రిస్టా మధ్య వరుసలో విడి సీటు కాబట్టి కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. ఆ సుఖానికి మీ లెక్కలో గడి ఏదండీ?

ఎర్టిగాలో మూడో వరుస వాడితే డిక్కీ 209 లీటర్లే. రెండు సూట్‌కేసులు పెడితే నిండిపోతుంది, మిగతా సామాను కారియర్ మీదికే. ఇన్నోవా పదేళ్ల తర్వాత అమ్మినా మంచి రేటే పలుకుతుంది, కాబట్టి ఆ 10 లక్షలూ పోయినట్టు రాయడం సరికాదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద బండ్ల మీద జీఎస్టీ 40 శాతమే, సెస్సు తీసేశారు. అంతకు ముందు రెండూ కలిపి 50 దాకా వెళ్లేది.

మియాపూర్_బండి: ఇన్నోవా కొని ఖాళీగా ఉన్నప్పుడు తెలిసినవాళ్లకి అద్దెకిస్తే ఈఎంఐ కొంత తేలుతుందని ఫ్రెండ్స్ అంటున్నారు.

పాలసీ_అన్న: ఆ పని మాత్రం వద్దు తమ్ముడూ. తెల్ల బోర్డు బండిని అద్దెకు తిప్పడం నేరం. యాక్సిడెంట్ అయితే బండి రిపేరు క్లెయిమ్‌ని ఇన్సూరెన్స్ వాళ్లు తిరస్కరించవచ్చు.

లెక్కల_మాస్టారు: గోదారి గారూ, రీసేల్ మాట నిజమే, కొంత వెనక్కి వస్తుంది. కానీ ఈఎంఐ కట్టాల్సింది ఇప్పుడు. చెల్లి పెళ్లయి వెళ్తే మూడో వరుసలో ఎవరు కూర్చుంటారో కూడా ఆలోచించమనండి.

గోదారి_గట్టు: చెల్లి వెళ్తే బావగారితో కలిసి పండక్కి వస్తుంది మాస్టారూ, సీట్లు ఇంకా కావాలి!

మియాపూర్_బండి: ఆదివారం అమ్మానాన్నల్ని షోరూముకి తీసుకెళ్తాను. ఎర్టిగా మధ్య సీట్లోకి అమ్మ ఇబ్బంది లేకుండా ఎక్కి దిగగలిగితే అదే బుక్ చేస్తాం. లేకపోతే ఐదేళ్లు వాడిన క్రిస్టా వెతుకుతాను. కొత్త క్రిస్టా ఆలోచన మానుకున్నాను.