బెల్లు మోగితే మా కుక్కని ఆపలేకపోతున్నాం, ఏం చేయాలి?

మాది విజయవాడ సత్యనారాయణపురం. మా లాబ్రడార్‌కి 14 నెలలు, 28 కిలోలు. కరవదు, అదొక్కటే నయం. గేటు చప్పుడైతే చాలు, ముందుకాళ్లు ఎత్తి వచ్చినవాళ్ల మీద వేసేస్తుంది. మొన్న పాలాయన క్యాన్ వదిలేసి పరుగు. వాకిట్లో ముగ్గంతా పాలే.

మామూలుగా "కూర్చో" అంటే బుద్ధిగా కూర్చుంటుంది. బెల్లు మోగితే మాత్రం చెవికెక్కదు. ఎగిరితే పట్టించుకోకుండా అటు తిరగండి, నాలుగు కాళ్లూ నేల మీద పెట్టాకే పలకరించండి అని అందరికీ చెప్తున్నా. మా అత్తయ్యేమో "పోనీలేరా, ముద్దొస్తోంది" అంటూ ఎగిరినప్పుడే బిస్కెట్ పెడుతుంది. ఆవిడకి చెప్పడం కుక్కకి చెప్పడం కన్నా కష్టం!

వచ్చే నెల ఇంట్లో చెల్లి సీమంతం, అదే టెన్షన్. ఈలోపు బెల్టు కట్టి గుమ్మం దగ్గర అలవాటు చేయాలా, చాప వేసి అక్కడే కూర్చోవడం నేర్పాలా? ఏది ముందు?