అప్‌డేట్: పరిశోధన ప్రాజెక్టుకు ఆగిపోయిన రెండో ఏడాది నిధులు విడుదలయ్యాయి

తిరుపతిలోని మా విశ్వవిద్యాలయంలో కేంద్ర ప్రభుత్వ గ్రాంటుతో నడుస్తున్న భూగర్భజలాల ప్రాజెక్టుకు రెండో ఏడాది వాయిదా సొమ్ము ఎందుకు ఆగిందని నేను అడిగిన ప్రశ్నకు సమాధానం దొరికింది. సొమ్ము గత వారం జమ అయింది. సూచనలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

యూటిలైజేషన్ సర్టిఫికెట్‌ను (గ్రాంటు సొమ్మును ఎలా ఖర్చుచేశామో తెలిపే ధ్రువపత్రాన్ని) మరోసారి పరిశీలించమన్న సలహాయే పనికొచ్చింది. మా ఆడిటరు ఆ సర్టిఫికెట్‌కు వాడే జీఎఫ్‌ఆర్ (సాధారణ ఆర్థిక నియమావళి) 12-ఏ నమూనాను గడి గడీ చదువుతూ, మొదటి వాయిదాపై బ్యాంకులో వచ్చిన వడ్డీ ఎంతో రాసి ఉన్నా, ప్రభుత్వానికి తిరిగి జమచేసిన వడ్డీ చూపాల్సిన గడి ఖాళీగా ఉందని గుర్తించారు. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళిలోని 230(8) నియమం ప్రకారం ఆ వడ్డీని కేంద్ర ప్రభుత్వ ప్రధాన ఖజానా అయిన భారత సంఘటిత నిధికి తప్పనిసరిగా జమచేయాలి. కేంద్ర ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో సొమ్ము కట్టే పోర్టల్ భారత్‌కోశ్ ద్వారా చెల్లించి, రసీదు జతపరచి, సవరించిన పత్రం పంపాకే ఫైలు కదిలింది.

పీఎఫ్‌ఎంఎస్‌లో (కేంద్ర నిధుల చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థలో) ఖాతా నమోదు గానీ, సైన్సు పరిశోధనలకు నిధులిచ్చిన కేంద్ర సంస్థ సెర్బ్ స్థానంలో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ రావడం గానీ మా విషయంలో కారణం కాదు. చరిత్ర, అర్థశాస్త్ర విభాగాల వారు దీన్ని సైన్సు ప్రాజెక్టుల సమస్యగానే భావించవద్దని నా మనవి. కేంద్ర గ్రాంటు ఏ విభాగానికి వచ్చినా వడ్డీ నియమం ఇదే. ఫెలోషిప్పు అందక ఇబ్బందిపడిన మా పరిశోధక విద్యార్థికి బకాయి మొత్తం చెల్లించాం.