యమలమా, యమళమా?

అరసున్న: "భూచంద్రులు యమళగ్రహములు..." (అంటే జంటగ్రహాలు) అని మొదలయ్యే వాక్యం ఒకటి బుర్రలో తిరుగుతోంది, తరువాయి రావట్లేదు. అక్కడ ళ ఉండాలా, ల నా? అసలు చంద్రుణ్ణి అలా అనొచ్చా?

శకటరేఫ: సంస్కృతంలో యమలమే. మనకి మాత్రం యమళార్జునులు భాగవతం నుంచి ళ తోనే నోటికెక్కారు. ళ ఉంచండి.

చుక్కలదారి: అక్షరం సరే, లెక్క కుదరదు. జంట అనాలంటే ఇద్దరి ఉమ్మడి ద్రవ్యరాశి కేంద్రం, అంటే ఇద్దరూ దేని చుట్టూ తిరుగుతారో ఆ బిందువు, ఇద్దరికీ బయట పడాలి. భూమి చంద్రుడికి 81.3 రెట్లు బరువు. 3,84,400 కి.మీ.ని 82.3తో భాగించండి, 4,670 వస్తుంది. భూమి వ్యాసార్ధం 6,371. కేంద్రం మన కాళ్ల కిందే, 1,700 కి.మీ. లోతున. ఉపగ్రహమే. అదే ప్లూటో, దాని చుట్టూ తిరిగే కేరన్‌ల మధ్య దూరం 19,600 కి.మీ.; కేంద్రం ప్లూటో నడిబొడ్డు నుంచి సుమారు 2,100 కి.మీ. దూరాన ఉంటే, ప్లూటో వ్యాసార్ధం 1,188 మాత్రమే.

శకటరేఫ: అంటే కేంద్రం నడుమ ఖాళీలో ఉందన్నమాట! పోతన గారి బాలకృష్ణుడు రోలీడ్చుకుంటూ దూరింది రెండు మద్దుల సందులోకే. యమళం కేరన్‌కి రాసిపెట్టిన మాటండీ.

పల్లేరు: మాస్టారూ, మద్దిచెట్లు దిగండి. సూర్యుడు, గురుడుల ఉమ్మడి కేంద్రం కూడా సూర్యుడి అంచు దాటే ఉంటుంది, వ్యాసార్ధానికి 1.07 రెట్ల దూరాన. గురుణ్ణి జంట నక్షత్రం అంటున్నామా? పైగా చంద్రుడు ఏటా 3.8 సెం.మీ. జరుగుతున్నాడు. 5,24,000 కి.మీ. దాటితే కేంద్రం భూమి బయట పడుతుంది; అప్పుడు బరువు రవ్వంత మారకుండానే జంటగ్రహమైపోతాడా? రచయిత అసిమోవ్ కొలత మేలు: ఎవరు ఎక్కువ లాగుతున్నారు? చంద్రుణ్ణి భూమికన్నా సూర్యుడే 2.2 రెట్లు లాగుతున్నాడు. అందుకే ఆయన దారి గీస్తే ఎప్పుడూ సూర్యుడి వైపే వంగి ఉంటుంది. అరసున్న గారి వాక్యం ఒప్పే.

చుక్కలదారి: ఆ కొలతే పడితే కేరన్ జంట కాకుండా పోతుంది. దాన్ని సూర్యుడికన్నా ప్లూటో కొన్ని వందల రెట్లు లాగుతుంది. 2006లో ప్రేగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ముందు పెట్టిన గ్రహ నిర్వచనపు ముసాయిదా కేంద్రం కొలతనే నమ్మి కేరన్‌ని గ్రహం చేసింది. ఆగస్టు 24న నెగ్గిన తీర్మానంలో ఆ మాటే లేదు. జంటగ్రహానికి అధికారిక నిర్వచనం ఇప్పటికీ లేదు.

అరసున్న: మరి ళ సంగతో?

శకటరేఫ: లళయోరభేదః. ఏదైనా చెల్లుతుంది.

పల్లేరు: అయితే కలా కళా ఒకటేనా?