అనుమానాస్పద ప్రోగ్రాం దిగాక కంప్యూటర్ నెమ్మదించింది

కావలి నుంచి ప్రశ్న: మా రొయ్యల మేత దుకాణంలోని విండోస్ 11 కంప్యూటర్‌లో మా అబ్బాయి పీడీఎఫ్‌ను వర్డ్‌లోకి మార్చే ఉచిత ప్రోగ్రాం ఒకటి దించుకున్నప్పటి నుంచి అది చాలా నెమ్మదించింది, క్రోమ్‌లో అడగని ప్రకటనలు వస్తున్నాయి. రైతుల బాకీల లెక్కలన్నీ అందులోనే ఉన్నందున ఫార్మాట్ చేయించడానికి భయంగా ఉంది. దయచేసి మార్గం చెప్పగలరు.

ఒంగోలు నుంచి జవాబు: అయ్యా, తొందరపడి ఫార్మాట్ చేయించకండి. ముందు నెట్ ఆపి, లెక్కల ఫైళ్లను మాత్రమే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్డ్ యాప్స్‌ను తేదీల వరుసలో చూసి, ఆ రోజు చేరిన తెలియని ప్రోగ్రాంలను తీసేయండి. ఆ తరువాత విండోస్ సెక్యూరిటీలోని మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లోడ్ కాకముందే వెతుకుతుంది కనుక, మామూలు స్కాన్‌కు చిక్కకుండా దాక్కున్నవి కూడా ఇందులో దొరికే అవకాశం ఎక్కువ. సుమారు 15 నిమిషాలు పడుతుంది, మధ్యలో ఆపకండి.

కందుకూరు నుంచి జవాబు: ప్రకటనలకు కారణం చాలాసార్లు క్రోమ్ ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు అదనంగా చేర్చే చిన్న ప్రోగ్రాంలు), వెబ్‌సైట్లకు ఇచ్చిన నోటిఫికేషన్ అనుమతులే. తెలియనివన్నీ తొలగించండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే తెరుచుకునే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితానూ (కంప్యూటర్ ఆన్ కాగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాంలు) చూడండి.

నెల్లూరు నుంచి జవాబు: వేగం తిరిగొచ్చినా పాస్‌వర్డ్‌లు భద్రమని అనుకోవద్దండీ. బ్రౌజర్‌లో దాచుకున్న వాటిని ఇలాంటి ప్రోగ్రాంలు దొంగిలించగలవు కాబట్టి, ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లను వేరే ఫోన్ నుంచి ఈరోజే మార్చండి. ఖాతాలో డబ్బు పోయినట్లు కనిపిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.