అప్‌డేట్: మీటింగ్‌కి వెళ్లొచ్చాను

కడపలో మందు మానేవాళ్ల మీటింగులు ఎక్కడైనా జరుగుతాయా అని పోయిన నెల అడిగాను కదా. మీలో ఒకరు చెప్పినట్టే మత్తు మానాలనుకునేవాళ్ల కోసం ఉన్న ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేశాను. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ముందు డాక్టర్‌ని కలవమన్నారు. కలిశాను.

ఆ తర్వాత ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగ్, అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు పేరు బయటపెట్టకుండా కలుసుకునే చోటు. గేటు దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి తిరిగాను, తెలిసినవాళ్లు చూస్తారేమోనని టెన్షన్. తీరా లోపల తెలిసినాయన ఒకరు కూర్చుని ఉన్నారు! ఎవరో చెప్పను, అక్కడి పద్ధతే అది. ఏమీ అడగకుండా పక్కన కుర్చీ జరిపారు. చెయ్యి వణికి టీ ప్యాంటు మీద ఒలికింది. ఎవరూ నవ్వలేదు. ఫీజు లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలట.

ఇవాళ్టికి 19 రోజులు. మా ఆవిడ మాత్రం ఇంకా రోజూ రాత్రి నా నోరు వాసన చూస్తోంది. చూడనీ.